ముప్పై ఏళ్ళ దాకా ఒకటి, ఆ తర్వాత ఒకటి



పోయిన బుధవారం ఇంటి ప్రార్థన అయిపోయి అందరూ చెప్పులు వేసుకుని వెళ్తుంటే ఒక కుర్రవాడు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. డిగ్రీ అయ్యి ఏడాది దాటింది. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి మా చేతికి ఇచ్చాడు. తనకు ఇష్టమైన పనులన్నీ వరుసగా రాసుకున్నాడు. గ్రూప్స్ పరీక్షకు చదవడం, కీబోర్డు, వీడియో ఎడిటింగు, ఇంగ్లీషు మాట్లాడటం, సండేస్కూలు, క్రికెట్టు, పాటలు రాయడం, నాన్నతో పొలం... లెక్కపెడితే పదకొండు ఉన్నాయి. "అయ్యగారూ, దేనికీ న్యాయం చెయ్యలేకపోతున్నాను. ఒకటి పట్టుకుంటే ఇంకోటి లాగుతోంది. ఏవి కొట్టెయ్యాలో మీరే చెప్పండి" అని పెన్ను కూడా ఇచ్చాడు.

ఆ పెన్ను పట్టుకుని మేము చాలాసేపు కూర్చున్నాం. చెడ్డ పనైతే వదిలెయ్యమని చెప్పడం తేలిక. ఆ కాగితంలో ఒక్కటీ చెడ్డది లేదు. పైగా మా ఇంటి అటక మాకు గుర్తొచ్చింది. మూడో పాఠం దగ్గర ఆగిపోయిన హెబ్రీ పుస్తకం, రెండు మెట్లు పలకని హార్మోనియం, హోమియో మందుల పెట్టె, పుట్టగొడుగుల పెంపకం నేర్చుకుందామని వెళ్ళి తెచ్చుకున్న ఫైలు, అన్నీ అక్కడే ఉన్నాయి. అన్నీ ఇష్టంగా మొదలుపెట్టినవే. అలాంటివాళ్ళం ఇంకొకరి కాగితం మీద ఏం కొట్టేస్తాం? "వారం ఆగు నాయనా, నీకొక మనిషి చరిత్ర చెబుతాం" అని పంపించాం. ఆ చరిత్రే ఇది. అతని ఒక్కడికే చెప్పడం కన్నా అందరికీ చెబితే మేలని ఇక్కడ రాస్తున్నాం.

ఆ మనిషి పేరు ఆల్బర్ట్ ష్వైట్జర్. ఆఫ్రికాలో ఆసుపత్రి కట్టిన వైద్యుడిగా మనలో కొందరు విని ఉంటారు. ఆయన వైద్యుడు కాకముందు ఎన్ని పనులు చేతిలో పెట్టుకున్న మనిషో, వాటిలో దేన్ని ముందు పెట్టాలో, దేన్ని వెనక పెట్టాలో ఎలా తేల్చుకున్నాడో అంతగా ఎవరూ చెప్పరు. మనకు కావలసింది ఆ భాగమే.

పల్లెటూరి పాస్టరుగారి అబ్బాయి

ఆయన 1875 జనవరి 14న ఆల్సేస్ ప్రాంతంలోని కైజర్స్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. ఆల్సేస్ ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది. అప్పట్లో జర్మనీ ఏలుబడిలో ఉండేది. అదే ఏడాది తండ్రికి గున్స్‌బాక్ అనే పల్లెలో పాస్టరు పని వచ్చింది. కొండల మధ్య లోయలో చిన్న ఊరు. పిల్లవాడు అక్కడే పెరిగాడు.

తొమ్మిదో ఏటే ఊరి చర్చిలో ఆరాధనకు ఆర్గన్ వాయించాడు. ఆర్గన్ అంటే మన హార్మోనియంలాంటిది కాదు. గోడంత ఎత్తున గొట్టాలు నిలబెట్టి, వాటిలోకి గాలి పంపి మోగించే వాద్యం. చేతులతో పాటు కాళ్ళతో కూడా వాయించాలి. అసలు వాయించేవారు రానప్పుడు ఈ పిల్లవాణ్ణి కూర్చోబెట్టేవారు.

ఆ రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతిని ఆయన పెద్దయ్యాక కూడా మరచిపోలేదు. బడినుంచి ఇంటికి వస్తూ తనకన్నా పెద్దవాడైన ఒక పల్లె కుర్రవాడితో కుస్తీ పట్టి గెలిచాడు. కింద పడిన ఆ కుర్రవాడు లేచి, వారానికి రెండుసార్లు నీకు దొరికినట్టు నాకూ మాంసం పులుసు దొరికితే నీ అంత బలం నాకూ ఉండేదన్నాడు. ఆ రోజునుంచి పులుసు గిన్నె చూస్తే ఆ పిల్లవాడికి గొంతు దిగేది కాదు. ఊరి పిల్లలకు లేని మంచి కోటు తనకూ వద్దని మొండికేసి తండ్రి చేత దెబ్బలు కూడా తిన్నాడు. పల్లెలో పాస్టరు బిడ్డలుగా పెరిగినవారికి ఈ బాధ ఎలాంటిదో తెలుసు. అందరిలో ఒకరిగా ఉండాలని ఉంటుంది, ఒక మెట్టు పైన కూర్చోబెడతారు. ఉన్నది తనకెందుకు ఉంది, పక్కవాడికి ఎందుకు లేదు అన్న ఆ ప్రశ్న ఆయన్ను వదల్లేదు.

ఇరవై ఒకటో ఏట ఒక ఉదయం

స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వేదాంతం, తత్వశాస్త్రం చదవడానికి 1893లో చేరాడు. అదే ఏడు పారిస్ వెళ్ళి, అప్పట్లో పేరున్న ఆర్గన్ విద్వాంసుడు విడోర్ ముందు వాయిస్తే ఆయన శిష్యుడిగా చేర్చుకున్నాడు. మధ్యలో సైనిక శిక్షణ వచ్చింది. సంచిలో గ్రీకు కొత్త నిబంధన పెట్టుకుని వెళ్ళి, విడిది దొరికినప్పుడల్లా చదువుకున్నాడు. చదువు, సంగీతం, వాక్యం మూడూ కలిసి వస్తున్నాయి. మూడింటిలోనూ పెద్దలు మెచ్చుకుంటున్నారు.

1896లో పెంతెకొస్తు పండుగ సెలవులకు ఇంటికి వచ్చాడు. తెల్లవారి కిటికీ బయట పక్షులు కూస్తుంటే మెలకువ వచ్చింది. ఇంత సంతోషం నాకు ఊరికే దక్కింది, దీన్ని నా సొత్తు అనుకుని తినేసి కూర్చోవడానికి లేదు, బదులుగా నేనూ ఏదో ఇవ్వాలి అనిపించింది. మంచం దిగకముందే ఒక నిర్ణయానికి వచ్చాడు. ముప్పై ఏళ్ళు నిండేదాకా చదువుకూ సంగీతానికీ బతుకుతాను, ఆ తర్వాత నేరుగా మనుషులకు సేవ చేసే పనిలో దిగుతాను అనుకున్నాడు. తన ప్రాణాన్ని కాపాడుకునేవాడు దాన్ని పోగొట్టుకుంటాడని ప్రభువు చెప్పిన మాటకు అర్థం ఏమిటా అని అంతకు ముందు చాలాకాలం ఆలోచించాడట. ఆ ఉదయం తన మట్టుకు తనకు జవాబు దొరికింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మనమైతే "ఏ పని" అన్న ప్రశ్న దగ్గరే ఏళ్ళ తరబడి కూర్చుంటాం. ఆయనకూ ఆ జవాబు ఆ రోజు తెలియదు. ఏ సేవ, ఏ ఊరు, ఏ దేశం అన్నది ఏమీ తెలియదు. ముందు "ఎప్పుడు" అన్నది తేల్చుకున్నాడు. గడువు పెట్టుకున్నాక ఇష్టమైన పనులు చేస్తుంటే దొంగతనం చేసినట్టు ఉండదు. ఆ తొమ్మిదేళ్ళు సంగీతం పట్టుకున్నప్పుడు మనసంతా పెట్టి సంగీతమే పట్టుకోగలిగాడు. మన కుర్రవాడిలాగా ఒకటి చేస్తూ ఇంకోదాని గురించి బెంగపడలేదు.

ఆ తొమ్మిదేళ్ళలో

1899లో కాంట్ అనే తత్వవేత్త మతం గురించి చెప్పినదాని మీద పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నాడు. మరుసటి ఏడు వేదాంతంలో పట్టా పుచ్చుకున్నాడు. స్ట్రాస్‌బర్గ్‌లోని సెయింట్ నికొలస్ సంఘంలో ప్రసంగించే పని చేశాడు. 1903లో వేదాంత విద్యార్థుల వసతి కళాశాలకు అధిపతి అయ్యాడు. బాక్ అనే సంగీతకారుడి గురించి ఫ్రెంచి భాషలో 455 పేజీల పుస్తకం రాస్తే అది 1905లో అచ్చయింది.

ఇవన్నీ చేస్తూనే ముప్పై తర్వాత చెయ్యాల్సిన పని కోసం వెతికాడు. అనాథ పిల్లల్ని తెచ్చి పెంచుతానని అడిగితే సంస్థల వాళ్ళు ఒప్పుకోలేదు. ఊళ్ళో బీదకుటుంబాల దగ్గరికీ, జైలునుంచి విడుదలైనవాళ్ళ దగ్గరికీ వెళ్ళే పనిలో కొంతకాలం సాయపడ్డాడు. మంచి పనులే గాని, నా పని ఇదే అని మనసు కుదుటపడలేదు. గడువు దగ్గర పడుతోంది, పని ఇంకా దొరకలేదు. అయినా గడువు జరపలేదు.

1904 శరదృతువులో ఒక ఉదయం తన బల్ల మీద ఆకుపచ్చ అట్టతో ఒక పత్రిక కనబడింది. పారిస్ మిషనరీ సంఘం నెలనెలా వేసే పత్రిక అది. తెలిసినావిడ ఒకరు అక్కడ పెట్టి వెళ్ళారు. పక్కన పెట్టబోతూ తెరిచి చూస్తే, ఆఫ్రికాలో గబాన్ ప్రాంతానికి పనివాళ్ళు చాలడం లేదని ఆ సంఘం అధ్యక్షుడు రాసిన వ్యాసం కనబడింది. చదవడం ముగించి, మళ్ళీ తన పని నెమ్మదిగా చేసుకోవడం మొదలుపెట్టాడు. వెతకడం అయిపోయింది.

ఆకాశంనుంచి స్వరం వినబడలేదు. వచ్చింది ఒక పాత పత్రిక. ఎనిమిదేళ్ళుగా చెవి ఒగ్గి ఉన్న మనిషికి అది చాలింది.

లెక్క చూసుకుని వేసిన ఉత్తరాలు

1905 జనవరిలో ముప్పై నిండాయి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన ఉపమానం మనందరికీ తెలుసు. ఆ పుట్టినరోజు తాను ఆ మనిషిలాగానే గడిపానని ఆయన తర్వాత రాసుకున్నాడు. ఆ అడవి ప్రాంతానికి బోధకులకన్నా వైద్యుడి అవసరం ఎక్కువ కనబడింది. పైగా ఇన్నేళ్ళూ మాటలతో బతికాను, ఇక చేతులతో చేసే పని కావాలి అనుకున్నాడు. కాబట్టి వైద్యం నేర్చుకోవాలి. ముప్పై ఏళ్ళ వయసులో మళ్ళీ మొదటి బెంచీ.

అక్టోబరు 13న పారిస్‌లో ఒక తపాలా పెట్టెలో ఉత్తరాలు వేశాడు. తల్లిదండ్రులకూ దగ్గరివాళ్ళకూ తన నిర్ణయం తెలిపే ఉత్తరాలవి. కళాశాల అధిపతి పని వదులుకుంటున్నానని ఇంకొకటి. ఇక గొడవ మొదలైంది. దేవుడిచ్చిన తలాంతును భూమిలో పాతిపెడుతున్నావని కొందరు వాక్యంతోనే కొట్టారు. గురువు విడోర్ కొడుకులా చూసుకున్నవాడు, సేనాపతివి నువ్వు తుపాకి పట్టుకుని సిపాయిలాగా ముందుకు పోతానంటావేమిటని కోప్పడ్డాడు. వైద్య విభాగం అధిపతి దగ్గరికి వెళ్ళి చేర్చుకోమంటే, ఈయన్ను పిచ్చి వైద్యం చేసే తన తోటి ఆచార్యుడి దగ్గరికి పంపుదామా అన్నట్టు చూశాడట.

ఆ మాటల్లో ఆయన్ను ఎక్కువ నొప్పించినవి భక్తిపరుల మాటలే. అవతలివాడు లోపల ఏం తేల్చుకున్నాడో తెలియకుండానే తలుపు తోసుకుని లోపలికి వచ్చి తీర్పు చెప్పేవాళ్ళు ఎక్కువమంది ఉన్నారని రాశాడు. సంఘంలో పెద్దలమైన మనం ఈ వాక్యం దగ్గర కొంచెం తల దించుకోవాలి. మన పిల్లలు ఒక దారి ఎంచుకున్నామని చెప్పినప్పుడు మనం మొదట చేసే పని అదే.

ఏడేళ్ళ బరువు

వైద్యం చదువుతూ మిగతావి వదిలేశాడా అంటే, లేదు. అదే విశ్వవిద్యాలయంలో ఒక విభాగంలో పాఠం చెప్పేవాడు, ఇంకో విభాగంలో పిల్లలతో కూర్చుని పాఠం వినేవాడు. ఆదివారాలు ప్రసంగం ఉండేది. పారిస్ బాక్ సమాజం కచేరీలకు రైలెక్కి వెళ్ళి ఆర్గన్ వాయించేవాడు. యేసు ప్రభువు జీవితం గురించి పండితులు రాసినవాటి మీద పెద్ద గ్రంథం 1906లో వచ్చింది. పాత ఆర్గన్లను పీకేసి కొత్తవి పెట్టవద్దని వాదిస్తూ అదే ఏడు ఒక చిన్న పుస్తకం వేశాడు. బాక్ పుస్తకాన్ని జర్మన్‌లోకి అనువాదం చెయ్యమంటే అది కుదరక మొదటినుంచి మళ్ళీ రాశాడు. అది 844 పేజీలై 1908లో వచ్చింది.

చదువుతుంటేనే మనకు ఆయాసం వస్తోంది. ఆయనకూ వచ్చింది. ఆ ఏళ్ళలో అలసటతో తాను చేసిన పోరాటం ఎలాంటిదో ఆయనే చెప్పుకున్నాడు. కాబట్టి ఆయన్ను చూసి "అన్నీ చెయ్యొచ్చు" అని మన కుర్రవాళ్ళు అనుకోకూడదు. అంత ఆరోగ్యం, అంత తక్కువ నిద్రతో సరిపెట్టుకునే ఒళ్ళు అందరికీ ఉండవు. గమనించాల్సింది ఇంకొకటి ఉంది. పనులు ఎన్ని ఉన్నా ఏది దూలమో ఆయనకు అనుమానం లేదు. మిగతావి ఆ దూలానికి ఆనుకున్న వాసాలు. వైద్య పరీక్షకు కట్టాల్సిన రుసుము కూడా మ్యూనిక్ సంగీతోత్సవంలో ఆర్గన్ వాయించి సంపాదించిందే.

1911 చివర పరీక్షలు పూర్తయ్యాయి. 1912లో విశ్వవిద్యాలయం పనికీ, సంఘం పనికీ రాజీనామా ఇచ్చాడు. ఇక ప్రసంగించడు, ఇక పాఠం చెప్పడు. ఆ బాధ ఎంతటిదంటే, ఆఫ్రికా వెళ్ళేదాకా సెయింట్ నికొలస్ చర్చి ముందునుంచి గాని విశ్వవిద్యాలయం ముందునుంచి గాని నడిచేవాడు కాదు. చుట్టూ తిరిగి వేరే దారిన పోయేవాడు.

ఈ మాట చదివినప్పుడు మాకు గొంతు పట్టుకుంది. గొప్ప నిర్ణయం తీసుకున్నవాళ్ళు నవ్వుతూ వెనక్కి చూడకుండా పోతారని మనం సాక్ష్యాల్లో చెబుతుంటాం. ఈయన వెనక్కి చూడలేక వీధి మార్చుకున్నాడు. వదిలింది నిజంగా ప్రియమైనదైతే నొప్పి ఉంటుంది. నొప్పి ఉంది కాబట్టి నిర్ణయం తప్పు అనుకోనక్కరలేదు.

మౌనంగా ఉంటానన్న షరతు

ఇంత చేశాక మిషనరీ సంఘమే వెనకాడింది. ఆయన వేదాంతం అక్కడి కొందరు పెద్దలకు నచ్చలేదు. దాచడం ఎందుకు, యేసు ప్రభువును గురించి ఆయన రాసినవాటిలో మేమూ ఒప్పుకోలేనివి ఉన్నాయి. అయినా ఆయన ఎలా నడుచుకున్నాడో చూడండి. కమిటీ సభ్యుల్ని ఒక్కొక్కరినీ వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కలిశాడు. నేను వైద్యం చెయ్యడానికే వస్తున్నాను, బోధ విషయంలో చేపలాగా నోరు మెదపను అని మాట ఇచ్చాడు. ఆసుపత్రి ఖర్చు కూడా తానే తెచ్చుకుంటానన్నాడు. తెలిసినవాళ్ళ ఇంటింటికీ తిరిగి చందాలు అడిగాడు, కచేరీలు చేశాడు. రెండేళ్ళకు సరిపడా పోగుచేశాడు.

1912 జూన్‌లో హెలెన్ బ్రెస్లావ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. స్ట్రాస్‌బర్గ్ చరిత్ర ఆచార్యుడి కూతురు. అంతకు ముందే నగరంలో అనాథ పిల్లల పర్యవేక్షణ పని చేసింది. ఆఫ్రికా పని కోసమే నర్సు శిక్షణ పొందింది. డెబ్బై పెట్టెలు ముందుగా ఓడరేవుకు పంపి, 1913 మార్చి 21న, మంచి శుక్రవారం నాడు, ఇద్దరూ గున్స్‌బాక్ నుంచి బయలుదేరారు. ఏప్రిల్ నడిమికి ఒగోవే నది ఒడ్డున లాంబరెనె చేరారు.

అక్కడ ఆసుపత్రి గది సిద్ధంగా లేదు. రోగులు పడవల్లో వచ్చేస్తున్నారు. మొదట ఆరుబయట ఎండలో చూశారు. తర్వాత వాడకుండా ఉన్న ఒక కోళ్ళ గూటికి సున్నం కొట్టి, అదే వైద్యశాల చేసుకున్నారు. ఎనిమిది వందల పేజీల పుస్తకం రాసిన పండితుడు కోళ్ళ గూట్లో నిలబడి పుళ్ళు కడిగాడు. మలేరియా, కుష్ఠు, నిద్రజబ్బు, విరేచనాలు, వరిబీజం ఇలాంటివాటితో మొదటి తొమ్మిది నెలల్లో రెండు వేలకు దగ్గరగా రోగులు వచ్చారు.

తిరిగి వచ్చిన మూడు

బయలుదేరేటప్పుడు మూడింటిని పూర్తిగా వదిలేసుకున్నానని ఆయన అనుకున్నాడు. ఆర్గన్, ఎంతో ఇష్టమైన బోధన, ఎవరి ముందూ చేయి చాపకుండా బతికే స్వేచ్ఛ. తర్వాత ఆ మూడూ ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. కొడుకును అర్పించడానికి కొండెక్కిన అబ్రాహాముతో తనను పోల్చుకున్నాడు.

మొదట సంగీతం. పారిస్ బాక్ సమాజంవాళ్ళు ఆయనకు ఒక పియానో చేయించి ఇచ్చారు. ఆర్గన్‌కు ఉన్నట్టు కాళ్ళతో నొక్కే పలకలు కూడా పెట్టారు, తేమకు చెడిపోకుండా కట్టారు. అయినా అడవిలో సాధన చేసే మనసు ఆయనకు మొదట లేదు. వేళ్ళు మొద్దుబారిపోనీ, అప్పుడు బాధ తగ్గుతుంది అనుకున్నాడు. ఒక సాయంత్రం బాక్ సంగీతం వాయిస్తుండగా ఆలోచన మారింది. ఇక్కడ కచేరీ లేదు, తొందర లేదు, ఖాళీ దొరికిన అరగంటా ఒక్కొక్క కృతినే పట్టుకుని కంఠతా వచ్చేదాకా వాయిద్దాం అనుకున్నాడు. అలా సంగీతం ఆ అడవిలోనే ఇంకా లోతుకు వెళ్ళింది.

తర్వాత మాట. లాంబరెనెలో ఉన్న మిషనరీలు ఆయన్ను దగ్గర్నుంచి చూశాక, మీరు కూడా ప్రసంగించండి అని వాళ్ళే అడిగారు. విశ్వవిద్యాలయాల్లో బోధించే అవకాశం యుద్ధం తర్వాత వచ్చింది. 1914లో యుద్ధం మొదలవగానే జర్మనీ పౌరులని ఫ్రెంచి అధికారులు ఆయన్నూ హెలెన్‌నూ ఇంట్లోనే కాపలాలో పెట్టారు. 1917లో ఫ్రాన్సుకు తెచ్చి నిర్బంధ శిబిరాల్లో ఉంచారు. బయటికి వచ్చేసరికి ఆరోగ్యం చెడింది, మెడ మీద అప్పులున్నాయి, ఆసుపత్రి మూతపడింది. 1920లో స్వీడన్‌నుంచి ఆర్చిబిషప్ సోడర్‌బ్లమ్ పిలిచి ఉప్సలా విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలు ఇప్పించాడు. అప్పుల సంగతి తెలిసి ఆ దేశమంతా ఆర్గన్ కచేరీలు చెయ్యమని సలహా ఇచ్చాడు. కొన్ని వారాల్లో అప్పులో చాలా భాగం తీరిపోయింది. మూడోది, తన కాళ్ళ మీద తాను నిలబడటం, అలా తిరిగి వచ్చింది.

1924లో మళ్ళీ లాంబరెనె వెళ్ళాడు. పాత ఆసుపత్రి పాకల మీద గడ్డి మొలిచి ఉంది. మళ్ళీ కట్టాడు. అది చాలక మూడు కిలోమీటర్ల ఎగువన ఇంకా పెద్దది కట్టించి 1927లో రోగుల్ని అక్కడికి మార్చాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మధ్యమధ్య యూరపు వచ్చి ఆర్గన్ వాయించి, ఉపన్యాసాలిచ్చి, పుస్తకాలు రాసి, ఆ డబ్బు మందుల కింద, కట్టె, రేకుల కింద ఖర్చుపెట్టాడు. 1952వ సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి వస్తే ఆ సొమ్ము కుష్ఠు రోగుల ఊరు కట్టడానికి వాడాడు. 1965 సెప్టెంబరు 4న తొంభై ఏళ్ళ వయసులో లాంబరెనెలోనే కన్నుమూశాడు.

సంగీతం ఒకప్పుడు ఆయనకు యజమాని లాంటిది. వదిలేసి వెళ్ళాక అది పనిమనిషిలా వెనకాలే వచ్చి ఆసుపత్రికి బియ్యం, మందులు మోసింది.

హెలెన్ సంగతి

ఇంతవరకు రాసి మేము ఆగాం. మీరు అమ్మగారు అని పిలిచే ఆవిడకు ఇదంతా చదివి వినిపించడం మా ఇంట్లో అలవాటు. ఆవిడ మునగాకు దూస్తూ అంతా విన్నది. విని ఒక్క మాట అడిగింది. "ఆవిడ కాగితం మీద ఏమున్నాయో ఎవరైనా అడిగారా?"

మా దగ్గర జవాబు లేదు. కాబట్టి ఆ సంగతి కూడా రాస్తున్నాం. హెలెన్ చదువుకున్న మనిషి. భర్త చేతిరాత ప్రతులు చూసిపెట్టింది. ఆయన కలలోకి తన ఇష్టంతోనే అడుగుపెట్టింది. ఆఫ్రికా, శిబిరాలు ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. క్షయ పట్టుకుంది. 1919 జనవరి 14న, సరిగ్గా తండ్రి పుట్టినరోజునే, కూతురు రేనా పుట్టింది. 1924లో ఆయన మళ్ళీ ఓడెక్కినప్పుడు హెలెన్ వెళ్ళే స్థితిలో లేదు. అయిదేళ్ళ బిడ్డతో వెనక ఉండిపోయింది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ కుటుంబం రెండు ఖండాల్లో బతికింది. ఆ బిడ్డే పెద్దయ్యాక లాంబరెనె వచ్చి పనిచేసి, తండ్రి పోయాక ఆసుపత్రి బాధ్యత తీసుకుంది. అయినా చిన్నప్పుడు తండ్రి లేకుండా గడిచిన రోజుల్ని ఎవరు తిరిగి ఇస్తారు?

ఆయన మీద ఇంకో విమర్శ కూడా ఉంది. ఆఫ్రికా మనుషుల్ని సోదరులే అంటూ, తమ్ముళ్ళుగానే చూశాడు, సమానులుగా చూడలేదని చాలామంది అన్నారు. అందులో నిజం ఉంది. బయటివాళ్ళు వచ్చి మేలు చేస్తూ మనల్ని పిల్లల్లా మాట్లాడించిన అనుభవం మన తాతల కాలంలో మనకూ ఉంది కాబట్టి ఆ మాట మనకు బాగా అర్థమవుతుంది.

ఇంత గొప్ప మనిషి లెక్కలో కూడా ఒక వరుస రాయకుండా మిగిలింది. గోపురం ఖర్చు లెక్కవేసుకునేటప్పుడు తన వాటా ఒక్కటే రాసుకుంటే చాలదు. మన నిర్ణయానికి ఇంట్లో ఎవరు ఎంత కట్టాలో కూడా ముందే వాళ్ళను అడిగి రాసుకోవాలి.

కాగితం మళ్ళీ రాసుకోవడం

ఈ బుధవారం ఆ కుర్రవాడు మళ్ళీ వచ్చాడు. ఈ చరిత్ర చెప్పి, కాగితం అతని చేతికే ఇచ్చేశాం. ఏదీ కొట్టెయ్యమని చెప్పలేదు. మూడు ప్రశ్నలు అడిగాం. ఇందులో దూలం ఏది? దానికి గడువు ఏ తేదీ? ఆ తేదీ వరకు ఇంట్లో ఎవరు నీ బరువు మొయ్యాలి, వాళ్ళను అడిగావా?

మొదటిదానికి కాసేపు ఆలోచించి పరీక్ష చదువే అన్నాడు. రెండోదానికి రాబోయే రెండు పరీక్షల వరకు అన్నాడు. మూడోదానికి మాట్లాడలేదు. వాళ్ళ నాన్నకు మోకాళ్ళ నొప్పులు, పొలంలో నీళ్ళు పెట్టడం ఇతని పని. "నాన్నను అడగలేదండి" అని కాగితం మడిచి పట్టుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు, కీబోర్డు మాత్రం ఆదివారం ఆరాధనకు వాయిస్తానన్నాడు. వాయించమనే చెప్పాం. సాధన తగ్గి రెండు తప్పులు వినబడితే సంఘం ఓర్చుకోవాలి, ఇప్పటినుంచే చెబుతున్నాం.

ఆ రాత్రి మా కాగితం కూడా రాసుకున్నాం. మీకు చెప్పకపోతే న్యాయం కాదు. రెండు మూడేళ్ళుగా ఉజ్జీవ సభలకు పిలుపులు ఎక్కువయ్యాయి. పక్క మండలాలు, పక్క జిల్లాలు. మైకు ముందు నిలబడటం మాకు ఇష్టం, దాచేది లేదు. దానివల్ల వారంలో మూడు రాత్రులు ఇల్లు ఖాళీ, ఊళ్ళో మంచం పట్టినవాళ్ళ దగ్గరికి వెళ్ళడం వెనకపడింది. ఇక అమ్మగారి సంగతి. పెళ్ళికి ముందు కుట్టుపని పూర్తిగా నేర్చుకుని ధ్రువపత్రం తెచ్చుకుంది. ఊరిలో ఆడపిల్లలకు నేర్పుతానని వచ్చిన కొత్తలో అన్నది. ఆ మిషను ఇన్నాళ్ళూ దుప్పటి కప్పుకుని మూలన ఉంది. ఆ దుప్పటి మేము ఒక్కసారి కూడా తీసి చూడలేదు.

కాబట్టి వచ్చే ఈస్టరు దాకా బయటి సభలకు రామని పిలిచినవారికి చెప్పేశాం. ఫోను పెట్టేశాక చేతులు కాస్త వణికాయి. ఆయన వీధి మార్చుకుని నడిచిన సంగతి అప్పుడు ఇంకా బాగా అర్థమైంది. మిషనుకు నూనె వేయించాం. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి చర్చి వరండాలో కుట్టు నేర్పుతారు. అమ్మాయిలు ఎవరైనా రావచ్చు, మన సంఘంవాళ్ళే కానక్కరలేదు. కత్తెర, టేపు తెచ్చుకోండి.

హెబ్రీ పుస్తకం అటక మీదే ఉంది. దానిమీద మాకిప్పుడు బెంగ లేదు. దాని వేళ వస్తే అదే దిగి వస్తుంది.

మీ కాగితం మీద ఎన్ని ఉన్నాయో మాకు తెలియదు. ఈ వారం ఒక రాత్రి ఇంట్లోవాళ్ళతో కలిసి కూర్చుని రాసుకోండి. దూలం ఏదో తేలకపోయినా కంగారు పడకండి, ముందు తేదీ వేసుకోండి. ఆ కుర్రవాడి కోసం, వాళ్ళ నాన్న మోకాళ్ళ కోసం, మా కోసం కూడా ప్రార్థన చెయ్యండి.

ప్రభువు సమాధానం మీ ఇళ్ళలో ఉండును గాక.